ఐరోపాయాత్రకు సన్నాహము

మాది తిరువూరు. పూర్వము కృష్ణామండలములోనిది; 2022 ఏప్రిలు నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినది. బెజవాడనుండి భద్రాచలమునకు పోవు యాత్రికులు మా యూరిమీదుగనే పోవుదురు. ఊరు దాటి కొంతదూరము పోగానే తెలంగాణము. 1948 వరకు ఆ వలిది నైజాము రాజ్యము. 2020లో మహమ్మారి ప్రబలినప్పుడు అనుమతిపత్రము లేనివారిని ఈ రాష్ట్రముల సరిహద్దులలో నిలిపివేసిరి. కావున సరిహద్దనగా నేమో మా యూరివారికి ఒకరు చెప్పనక్కరలేదు.

ఇట్టి యూరిలోని బడిపంతులుగారి యింట ఇప్పుడొక ముచ్చట జరుగుచున్నది. నా చెల్లెలును మరిదియు జర్మనీదేశమున ఫ్రాంకుఫర్టు నగరమున నున్నారు. వచ్చు వేసవి సెలవులలో మమ్ము రమ్మనియు, మోటారుబండిలో పలుదేశములు చూపెదమనియు వ్రాసినారు. మావారు, నేను, తొమ్మిదేండ్ల మా యమ్మాయి, అరువదియెనిమిదేండ్ల మా అత్తగారు, వారిరువురు, వెరసి ఆరుగురము. కొన్నియేండ్లుగా చీటీలు కట్టి కూడబెట్టిన ద్రవ్యమిది. మరల నిట్టి యవకాశము మాకు రాదు. అందుచే ప్రయాణముకంటె ముందు సన్నాహమును గూర్చియే తలపోయవలసివచ్చినది.

మన స్త్రీలు దూరదేశములకు పోవుట క్రొత్తగాదు. పోతం జానకమ్మగారు ఇంగ్లాండునకు పోయివచ్చి, తాము తెలుగున వ్రాసినదానిని తామే ఆంగ్లీకరించి 1876లో మదరాసున ప్రకటించిరి. బాటప్రయాణమున కేనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్రకంటె మంచి యొజ్జబంతి లేదు. వారు 1830 మే 18వ తేదీని చెన్నపట్టణము వెడలి, 1831 సెప్టెంబరు 3వ తేదీకి మరల నిల్లు చేరిరి. ఆ గ్రంథమున మజిలీ మజిలీకి దూరమెంత, నీరున్నదా, అంగళ్లున్నవా, బస దొరకునా యని వ్రాసినారు. దారి మారినను ప్రశ్నలు మారలేదు.

మా మరిది మొదట పంపిన పట్టికలో పండ్రెండుదినములకు తొమ్మిది దేశములున్నవి. పారిసు, ఆంస్టర్డాము, ప్రాగు, వియన్నా, వెనిసు ఒకదాని వెంట నొకటి పూసలవలె గ్రుచ్చియున్నవి. దినదినము ఆరేడు గంటలు బండిలో కూర్చుండవలెను. ఆ పట్టిక చూచి బంధువులలో నొకరు, “పెద్దామెను ఇంట విడిచి పొండు, మోకాళ్ల నొప్పులతో ఆమె యేమి చూచును?” అనిరి. అత్తగారు విని మారుపలుకలేదు. ఆ రాత్రి నాతో మాత్రము, “అమ్మాయీ, బదరి పోవలెనని మీ మామగారు బ్రదికియుండగా ననుకొంటిమి. సాగలేదు. మంచు ఎక్కడిదైననేమి, ఒక్కసారి చేతితో తాకిన చాలును” అన్నారు.

ఆ మాటతో నాకు కొలబద్ద దొరకినది. పట్టిక ననుసరించి మనుష్యుల నేరుటగాదు, మనుష్యుల ననుసరించి పట్టిక వ్రాయవలెను. ఆరుగురిలో నెవరు మెల్లగా నడతురో వారి యడుగే యాత్రకు గజము. అత్తగారు రెండుగంటలకంటె నెక్కువ కాలు ముడుచుకొని కూర్చుండలేరు. కావున రెండుగంటల కొక విడిది. దినమునకు బండిలో నాలుగుగంటలకు మించరాదు. ఊరు మారిన మరునాడు ఆ యూరనే యుండవలెను. ఈ మూడు నియమములను కాగితముపై వ్రాసి పటము విప్పగా తొమ్మిది దేశములు ఐదైనవి.

ఇప్పటి దారి యిది. ఫ్రాంకుఫర్టునుండి లక్సెంబర్గులోని షెంగెను గ్రామము, అటనుండి ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గు, స్విట్జర్లాండులోని లూసర్ను, ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుకు, జర్మనీలోని మ్యూనికు; మరల ఫ్రాంకుఫర్టు. వెరసి సుమారు 1500 కిలోమీటర్లు. లూసర్నుకు చేరువ ఎంగెల్బర్గు అను నూరినుండి టిట్లిసు పర్వతము మీదికి తీగెలపై వ్రేలాడు పెట్టెలలో పోవచ్చును. పైమజిలీ 3020 మీటర్ల యెత్తుననున్నది. అచట వేసవిలోను మంచుండును. అంత యెత్తున ఊపిరి బరువగును గనుక, అత్తగారిని ముందుగా వైద్యునకు చూపవలెనని పట్టికలో వ్రాసికొంటిని. ఇన్స్‌బ్రుకు పోవు దారి మాత్రము నాలుగుగంటలు పట్టును. ఆనాడు పెందలకడ బయలుదేరి నడుమ నెక్కువసేపు ఆగుదుము. ఆ దారిలో ఆర్ల్‌బర్గు కొండ క్రింద 14 కిలోమీటర్ల సొరంగము గలదు. మరమ్మతులకై దానిని ఒక్కొక్కప్పుడు మూయుదురు గావున ముందుగా విచారింపవలెను.

షెంగెను చిన్న పల్లెయే. మోసెల్లు నదీతీరమున ఫ్రాన్సు, జర్మనీ, లక్సెంబర్గు మూడును కలియుచోటనున్నది. 1985 జూను 14వ తేదీని అచట నదిలో నొక పడవపై ఐదుదేశములవారు సరిహద్దు తనిఖీలు తొలగింపవలెనని యొడంబడిక చేసికొనిరి. నేడా యేర్పాటులో 29 దేశములున్నవి. ఒకరినొకరు రెండు మహాయుద్ధములలో హతమార్చుకొన్నవారు ద్వారము లెత్తివేసిరన్న, సరిహద్దుటూరి దానను నాకది చూడదగిన తీర్థమే. అయినను 2024 సెప్టెంబరులో జర్మనీ తన భూసరిహద్దు లన్నిటను తాత్కాలిక తనిఖీలు ఆరంభించినది. కావున పాసుపోర్టులు పెట్టె యడుగున గాక చేతిసంచిలో నుండవలెను.

ఈ 29 దేశములకు ఒక్క అనుమతియే చాలును. ఎచట నెక్కువ దినము లుందుమో ఆ దేశమువారికే అర్జీ పెట్టవలెను, మాకది జర్మనీ. ఆరునెలలకంటె ముందుగా అర్జీ తీసికొనరు; పదునైదు దినములకంటె తక్కువ వ్యవధి యుండరాదు. 180 దినములలో 90 దినములకు మించి యుండరాదు. 2024 జూను నుండి పెద్దవారికి రుసుము 90 యూరోలు. కనీసము 30,000 యూరోల వైద్యబీమా యుండితీరవలెను.

బాటసుంకములు ఒక్కొక్క దేశమున ఒక్కొక్క తీరు. జర్మనీలో చిన్నబండ్లకు లేదు. ఫ్రాన్సులో అక్కడక్కడ దూరమునుబట్టి కట్టవలెను. స్విట్జర్లాండులో ఒక్కదినమున్నను ఏడాది చీటియే కొనవలెను. వెల 40 ఫ్రాంకులు. ఆస్ట్రియాలో దినముల లెక్కన చీటీ దొరకును. ఆర్ల్‌బర్గు సొరంగమునకు వేరే రుసుము. ఆరుగురకు చాలిన పెద్దబండి అద్దెకు దీసికొనునపుడు ఏయే దేశములు పోవుదుమో ముందే చెప్పి వ్రాయించుకొనవలెను. జర్మనీలో పండ్రెండేండ్లు నిండక, 150 సెంటీమీటర్ల యెత్తు లేని బిడ్డకు బండిలో తగిన ప్రత్యేకాసనము తప్పనిసరి.

ఇక వంటయింటి మాట. మామిడిపండ్ల ఋతువు గదా, చెల్లెలికి రెండు బుట్టలు కొనిపోవలెనని మనసు పీకును. ప్రభుత్వపు సస్యారోగ్యపత్రము లేనిదే ఆ పండ్లను ఐరోపా సమాఖ్యలోనికి రానీయరు. నెయ్యి, కోవా మొదలగు పాలపదార్థములును కూడవు. కందిపొడి, కారప్పొడి, అటుకులు చాలును. జర్మనీ ఆస్ట్రియాలలో ఆదివారము అంగళ్లు చాలవరకు మూసియుండును. శనివారమే పాలు, పెరుగు, కూరలు కొనియుంచవలెను. బాటప్రక్కల మరుగుదొడ్లకు కొన్నిచోట్ల రుసుము గలదు. చిల్లర నాణెములు వేరొక చిన్నసంచిలో నుంచవలెను. ఇట్టివి మగవారి పట్టికలోనికి రావు. కాని పెద్దలతో, బిడ్డలతో పోవునపుడు యాత్ర సుఖమగుటకును కష్టమగుటకును ఇవియే మూలము.

మనుచరిత్రములోని ప్రవరుని మీరెరుగుదురు. పాదలేపము పూసికొని క్షణములో హిమవంతము చేరెను. మంచున లేపము కరగిపోయెను. మరలివచ్చు దారి లేక చిక్కువడెను. పోవుటను గూర్చి యంత యాలోచించిన యాతడు వచ్చుటను గూర్చి తలపడాయెను. కావున పట్టిక కడనుండి వ్రాయవలెనందును. బడి తెరచుటకు నాలుగుదినములు ముందే యిల్లు చేరునట్లు టిక్కెట్లు కొనుట, అత్తగారి మందులు పదిదినములకు అదనముగా వైద్యుని చీటితో నుంచుట, నడుమ నేపనియు లేని దినమొకటి విడుచుట, ఇవి మా పట్టికలో మొదట వ్రాసినవి.

మరిది క్రొత్త పట్టిక చూచి, “వదినగారూ, పారిసు పోయినదే!” అని నొచ్చుకొనెను. “పారిసు ఉండును, అత్తగారి మోకాళ్లు ఉండవు” అని చెల్లెలు ప్రత్యుత్తరమిచ్చినది.

సోదరీమణులారా, ప్రయాణమనగానే తెల్లవారుజామున లేచి పులిహోర కలుపుట మన పనియనియు, దారి నిర్ణయించుట వారి పనియనియు మన యిండ్లలో వాడుక. ఎవరికెప్పు డాకలియగునో, ఎవరి కాలు ఎప్పుడు వాచునో ఎరిగినది గృహిణియే. ఐరోపాకు కానిండు, అన్నవరమునకు కానిండు, పటమును ఆమె చేతి కిచ్చినచో ఇంట విడువవలసిన మనుష్యుల సంఖ్య తగ్గును.