ఇల్లే రాక్షసి

1960లో రోజర్ కార్మన్ తీసిన ‘హౌస్ ఆఫ్ అషర్’లో రాక్షసి ఎక్కడని నిర్మాణ సంస్థవాళ్లు అడిగారట. ఇల్లే రాక్షసి అన్నాడట కార్మన్. పని జరగడానికి అన్న మాటే కావచ్చు గానీ, సినిమా అంతా దాని మీదే నిలబడింది.

దీనికి మూలం ఎడ్గార్ అలన్ పో 1839లో అచ్చువేసిన కథ. అందులో ఆ ఇంటికి వచ్చే అతిథి, ఇంటి యజమాని రోడరిక్‌కు చిన్ననాటి స్నేహితుడు. స్క్రీన్‌ప్లే రాసిన రిచర్డ్ మాథెసన్ అతణ్ణి రోడరిక్ చెల్లెలు మేడలిన్‌ను పెళ్లాడబోయేవాడిగా మార్చాడు. పో వీరాభిమానులు నొచ్చుకుంటే నొచ్చుకోనీ, నాకిది నచ్చింది. కథలో స్నేహితుడు సాక్షి. ఇక్కడ పిల్లను తీసుకుపోవడానికి వచ్చినవాడు. అన్న పంపనంటాడు. వంశానికి పట్టిన పాపం తమతోనే అంతరించాలని అతని మొండిపట్టు.

ఆ అన్నగా నటించింది విన్సెంట్ ప్రైస్. మీసం లేదు, జుట్టు తెల్లబారింది, చిన్న చప్పుడుకే ముడుచుకుపోతాడు. చనిపోయిందనుకున్న చెల్లెలి వేళ్లు శవపేటికలో కదలడం చూసి గబుక్కున మూత వేసేస్తాడు. అంతటివాడి మీద జాలి కలగడమేమిటి? కలుగుతుంది మరి, గొంతు అలాంటిది.

ఆఖర్లో ఇల్లు కాలిపోయే మంటల కోసం కార్మన్ ఒక పాత కొట్టాన్ని నిజంగానే తగలబెట్టాడు. పొదుపరి! అవే మంటలను తర్వాతి సినిమాల్లోనూ వాడుకున్నాడు.