లెక్కలోకి రాని గోలీ

“మందులేమైనా వాడుతున్నారా?” అని అడిగితే, హైదరాబాద్ పాతబస్తీలో తలనొప్పితో దవాఖానకు వచ్చేవాళ్ళు ఎక్కువమంది “ఏం లేవు సార్” అంటారు. “మరి తలనొప్పి గోలీ?” అంటే “అది రోజూ ఉండేదేగా” అంటారు. నా చిరాకంతా ఈ రెండు జవాబుల నడుమే ఉంది. కిరాణా కొట్లో అగ్గిపెట్టె పక్కన దొరికే గోలీని వాళ్ళు మందు కింద జమకట్టరు. చాయ్‌లోకి ఉస్మానియా బిస్కెట్ ఎలాగో, అదీ అలాగే. విచిత్రమేమిటంటే, కణతలకు ఇంత బాం రాసుకున్నామని చెప్పడానికి మాత్రం ఎక్కడలేని మొహమాటం, డాక్టరు నవ్వుతాడేమోనని. దాచనక్కర్లేనిదాన్ని దాస్తారు, చెప్పి తీరాల్సినదాన్ని మరిచిపోతారు.

ముందు ఆ బాం సీసాల తరఫున రెండు మాటలు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో మొదలుపెట్టిన అమృతాంజనమో, హకీం మొహమ్మద్ మొయిజుద్దీన్ ఫారూఖీ 1920లో ఈ ఊళ్ళోనే తయారుచేసిన జిందా తిలిస్మాతో ఈ గల్లీల్లో చాలా ఇళ్ళ గూళ్ళలో కనిపిస్తుంది. ఇలాంటి పూతమందుల్లో ఉండే పుదీనా పువ్వు, నీలగిరి తైలం వంటివి చర్మానికి చల్లదనం తగిలించి, నొప్పి మీద నుంచి ధ్యాసను కాస్త మళ్ళిస్తాయి. జర్మనీలో జరిగిన ఒక పరీక్షలో, నుదుటికి రాసిన పుదీనా తైలం బిగుతు తలనొప్పి మీద పారాసిటమాల్‌కు తీసిపోకుండా పనిచేసింది. అంతమాత్రాన మైగ్రేన్ మాయమైపోదు. పసిపిల్లల ముక్కుకు వీటిని రాయకూడదు. కర్పూరం, నీలగిరి తైలం పిల్లల కడుపులోకి పోతే ఫిట్స్ రావచ్చు. ఈ జాగ్రత్త పాటిస్తే, రాసుకునే చెయ్యికి నేను అడ్డం చెప్పను. మింగే నోటి దగ్గరే నా తగాదా.

“గోలీ వేస్తే తగ్గుతోంది కదా, ఇక తప్పేముంది?” అన్నది అందరి వాదన. తగ్గుతుంది, చిక్కంతా అందులోనే ఉంది. మామూలు నొప్పి గోలీలు నెలకు 15 రోజులు, కెఫీన్‌తోనో మరో మందుతోనో కలిపినవైతే 10 రోజులు, ఇలా మూడు నెలలు దాటితే గోలీయే తలనొప్పిని తెచ్చిపెట్టడం మొదలవుతుంది. ఒంట్లో మందు దిగిపోగానే నొప్పి లేస్తుంది. ఆ నొప్పికి మళ్ళీ గోలీ. అప్పు తీర్చడానికి అప్పు చేసినట్టు. “మా అత్త రోజూ వేసుకుంటుంది, ఆమెకేం కాలేదు” అనే కోడళ్ళకు ఒక మాట. అత్తగారు వేసుకునేది మోకాళ్ళ నొప్పికి. ఆమె కడుపుకో, కిడ్నీకో ముప్పు రావచ్చుగానీ తలనొప్పి రాకపోవచ్చు. మైగ్రేన్ ఉన్న కోడలి మెదడు తీరు వేరు. అదే గోలీ ఆమెను పట్టుకుంటుంది. వైద్యం చెప్పడం తేలిక: డాక్టరుకు చెప్పి ఆ గోలీ మానాలి. మొదటి వారం నరకం, ఆ తర్వాత తెరిపి. మూడో రోజుకే ఓడిపోయి కొట్టుకు వెళ్ళేవాళ్ళను తిట్టబోయి ఆగిపోతాను. ఇంటిల్లిపాదికీ వండిపెట్టాల్సిన మనిషికి ఆ నరకం పడటానికి వారం రోజులు అరువిచ్చేది ఎవరు?

గోలీకి తోడు దొంగ ఇరానీ చాయ్. రోజుకు ఆరు కప్పులు తాగే మనిషికి కెఫీన్ అందకపోతే 12 నుంచి 24 గంటల్లో తల పగులుతుంది. రంజాన్ మొదటి రోజుల్లో మధ్యాహ్నం దాటాక వచ్చే తలనొప్పిలో ఉపవాసం, నీళ్ళు తగ్గడం, నిద్ర చెడటంతో పాటు దీనికీ వాటా ఉంది. రోజా వల్లే నొప్పి అని నిష్ఠను అనుమానించక్కర్లేదు. నెలవంకకు రెండు వారాల ముందు నుంచే కప్పులు ఒక్కొక్కటిగా తగ్గించి, సహ్రీలో కడుపునిండా తిని నీళ్ళు తాగితే చాలామందికి గండం గడుస్తుంది. ఏకాదశి ఉపవాసాలకూ ఇదే లెక్క.

నీళ్ళు, వేళకు తిండి, వేళకు నిద్ర, నుదుటి మీద చల్లటి తడిగుడ్డ, చీకటి గదిలో గంటసేపు నడుం వాల్చడం: ఇంటివైద్యమంటే ఇంతే. “చీకటి గది మీకుంటుంది సార్, మాకెక్కడిది?” అనే ఎదురుప్రశ్నకు మాత్రం నా దగ్గర తడుముకోని జవాబు లేదు. అలా అడిగేవాళ్ళలో లక్క గాజులు చేసేవాళ్ళూ ఉంటారు. హైదరాబాద్ లక్క గాజులకు 2024లో జీఐ గుర్తింపు వచ్చింది. కానీ ఇరుకు గదిలో బొగ్గుల కుంపటి మీద లక్క కరిగించేవాళ్ళ తలనొప్పిని ఆ గుర్తింపు తగ్గించదు. మూసిన గదిలో బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా ఉండవు, తలనొప్పే దాని మొదటి కబురు. అక్కడ గోలీ వేసుకోవడమంటే కబురు తెచ్చినవాడి నోరు మూయడమే. తలుపు తీసి బయటికి రావడమే మందు. గదిలో ఉన్న అందరికీ ఒకేసారి తల నొస్తుంటే ఇక ఆలోచించకూడదు.

ఒక్క నిమిషంలో పిడుగులా పడే నొప్పి, జ్వరంతో మెడ పట్టేయడం, మాట తడబడటం, చెయ్యో కాలో పడిపోవడం, చూపు తగ్గడం, తలకు దెబ్బ తగిలాక పెరిగే నొప్పి, 50 దాటాక లేదా గర్భంతో ఉండగా కొత్తగా మొదలైన నొప్పి: వీటికి ఇంటివైద్యం లేదు, వెంటనే పెద్దాసుపత్రికి పరుగెత్తాలి. మిగతావాళ్ళు “స్కాన్ రాయండి సార్” అనే ముందు ఒక పని చేయండి. షాపువాళ్ళు ఊరికే ఇచ్చే గోడ క్యాలెండర్‌లో, గోలీ వేసుకున్న ప్రతి రోజు మీదా ఒక గీత పెట్టండి. తప్పు మాలోనూ ఉంది. “మందులు వాడుతున్నారా” అని అడుగుతామే తప్ప “నెలలో ఎన్ని రోజులు” అని అడగం. గీతలు పది దాటితే ఆ కాగితం చింపి పట్టుకురండి. నేను అడగడం మరిచిపోయినా అది చెబుతుంది.