సేవకొస్తున్నారా? ముందు టీ తాగండి

ఏమండీ, కుక్కర్ మూడో విజిల్ వేసేదాకా కాస్త నిలబడతారా? ఓ కబురుంది. మీతో చెప్పకపోతే నాకు అన్నం సయించదు.

మన సికింద్రాబాద్‌లో ఏదో ఒక సేవాసంస్థలో పనిచెయ్యడానికి పరాయి దేశాల నుంచి పిల్లలొస్తుంటారు, చూశారా? వాలంటీర్లు. లండన్ నుంచి వచ్చే దొరపిల్ల కావచ్చు, డల్లాస్‌లో పుట్టి అమ్మమ్మ ఊరికొచ్చే మన పిల్లాడే కావచ్చు. వాళ్లంటే నాకు మహా ముచ్చట. వాళ్లు చేసుకొచ్చే ఏర్పాట్లంటే మరీ ముచ్చట. పెళ్లికన్నా పెళ్లిపనుల్లోనే సందడెక్కువ కదా, ఇదీ అంతే.

వాళ్ల సూట్‌కేసు ఎప్పుడైనా తెరిచి చూశారా? టార్చిలైటు, నీళ్లలో వేసుకునే మాత్రలు, వీధి మొత్తానికి సరిపడా బ్యాండేజీలు, అట్టముక్కల్లాంటి బలం బిస్కెట్లు. తల్లీ, మోండా మార్కెట్ ఉన్న ఊరికొచ్చి ఎవరైనా పస్తుంటారా? పొద్దున్నే ఓసారి అటు తిప్పుకొస్తే ఆ బిస్కెట్లు తనే ఎవరికో ఇచ్చేస్తుంది. బట్టలూ అంతే. అక్కణ్నుంచి మోసుకురావడం దేనికి? జనరల్ బజార్‌లో నూలు గుడ్డ తీసుకుని దర్జీకిస్తే సరి. "ఎల్లుండి రామ్మా" అంటాడు. ఆ ఎల్లుండి ఎప్పుడొస్తుందో కనిపెట్టడం కూడా తయారీలో భాగమే!

దోమల మందు మాత్రం తీసెయ్యొద్దనండి. దోమ గుట్టు రట్టయిన ఊరిది. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు బేగంపేటలో సూక్ష్మదర్శిని ముందు కూచుని అనాఫిలిస్ దోమ పొట్టలో మలేరియా క్రిమిని పట్టుకున్నాడు. ఆ భవనం ఇప్పటికీ ఉంది. మరి ఆ దోమలు ఎవర్ని కుట్టాయి? హుసేన్ ఖాన్ అనే రోగిని. కుట్టిన దోమకు అణా చొప్పున పుచ్చుకుని చెయ్యి చాపాడాయన. రాస్‌కి 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. నన్నడిగితే ఆ పతకంలో సగం హుసేన్ ఖాన్‌దే. పైనుంచి వచ్చినవాడు ఎంత మేధావైనా కానివ్వండి, ఇక్కడివాడొకడు చెయ్యి అందించందే పని కదల్లేదు. ఈ ముక్క గుర్తుంచుకోండి, దీనితో పనుంది.

ఇంకో సంగతి. నిజామాబాద్ రైలెక్కినప్పుడు దారిలో డిచ్‌పల్లి స్టేషన్ తగులుతుంది కదా? అక్కడే ఓ డాక్టరమ్మ కథ నడిచింది. ఇసాబెల్ కెర్ అని స్కాట్లండ్ ఆవిడ. 1907లో భర్త జార్జితో నిజాం రాజ్యానికొచ్చింది. చూస్తే కుష్ఠు వచ్చినవాళ్లకి ఆ చుట్టుపక్కల దిక్కే లేదు. 1911లో చిన్నగా ఓ ఆశ్రయం మొదలుపెట్టారు. చోటు చాలలేదు. అప్పుడు ముందుకొచ్చిన దాత ఎవరనుకున్నారు? ఇక్కడివాడే, రాజా నర్సా గౌడ్. ఆయనిచ్చిన డబ్బుతో 1915లో డిచ్‌పల్లిలో విక్టోరియా ఆసుపత్రి తెరిచారు. ఆవిడ 1932లో పోయేదాకా ఆ పనిలోనే ఉంది. ఆవిడ ఇవ్వడానికొచ్చింది, నిజమే. కానీ పుచ్చుకోవడం కూడా తెలుసు గనకే ఆసుపత్రి లేచింది.

ఇదేనండీ నా గొడవంతా. సేవకొచ్చే పిల్లలకి ఇవ్వడం గురించి బోలెడు చెప్పి పంపుతారు. పుచ్చుకోవడం గురించి ఎవరూ చెప్పరు!

అనంతపురం సంగతే చూడండి. స్పెయిన్ దేశపు విన్సెంట్ ఫెర్రర్ సేవ చెయ్యడానికి 1969లో అక్కడికొచ్చాడు. అప్పటికి ఈ దేశానికొచ్చి పదిహేడేళ్లు. 2009లో పోయేదాకా, నలభై ఏళ్లు, ఆ కరువు నేలనే అంటిపెట్టుకున్నాడు. జనం "ఫాదర్" అని పిలుచుకున్నారు. తాము చదివిస్తున్న పిల్లల్ని చూసుకుందామని స్పెయిన్ నుంచి దాతలు ఇప్పటికీ వస్తుంటారు. ఊళ్లో అడుగుపెట్టగానే మెళ్లో దండ, నుదుట బొట్టు. వద్దంటే ఊరుకుంటారా? తలొంచి పెట్టించుకోవాల్సిందే. అబ్బ, ఎంత బాగుంటుందో!

సరే, మళ్లీ మన ఊరికి. కుష్ఠు వచ్చినవాళ్ల కోసం బ్రిటన్‌లో 1924లో పుట్టిన లెప్రా సంస్థ పేరు వినే ఉంటారు. ఇక్కడి లెప్రా సొసైటీ ప్రధాన కార్యాలయం మన సికింద్రాబాద్‌లోనే. చర్లపల్లిలో వాళ్ల పరిశోధనా కేంద్రానికి బ్లూ పీటర్ అని పేరు. అదేం పేరంటారా? బ్రిటన్ టీవీలో చిన్నపిల్లల కార్యక్రమం పేరది! దాన్ని చూసే పిల్లలు పోగుచేసిన డబ్బుతో ఇక్కడ ఆ కేంద్రం లేచింది. ఎక్కడి పిల్లలు, ఎక్కడి చర్లపల్లి!

ఇప్పుడు కుష్ఠుకి మందుంది. రకాన్నిబట్టి ఆర్నెల్లో ఏడాదో వాడితే నయమవుతుంది, అదీ ఉచితంగా. కానీ మందు మొదలుపెట్టేలోపు నరాలు దెబ్బతింటే కాళ్లకి స్పర్శ తిరిగి రాకపోవచ్చు. మేకు గుచ్చుకున్నా తెలీదు. అందుకని ఆ కాళ్లని రోజూ చూసుకోవాలి. టబ్బులో నీళ్లు పోసి కాసేపు నానబెట్టాలి. గట్టిపడ్డ చర్మాన్ని గరుకు రాయితో మెల్లగా రుద్దాలి. తడి ఆరకముందే నూనె రాయాలి. వేళ్ల సందుల్లో పుండేమైనా ఉందేమో వెతకాలి. ఆ కాళ్లకి వేసే చెప్పులు చూశారా? ఎం.సి.ఆర్. చెప్పులంటారు. పాదం ఆనేచోట మెత్తటి రబ్బరు, వెనక పట్టీ. ఒక్క మేకు కొట్టరు, అంతా జిగురూ కుట్టూ.

ఇక్కడో కిటుకుంది. స్పర్శ పోయిన ముసలాయన్ని "నీళ్లు వేడిగా ఉన్నాయా తాతా?" అని అడిగితే తాతేం చెప్తాడు? ఆయన కాలికి తెలిస్తేగా! పోసేవాళ్లే ముందు తమ చెయ్యి ముంచి చూసుకోవాలి. ఇది ఏ సూట్‌కేసులోనూ రాదు. పక్కనున్న ఆయమ్మ చూపిస్తే రావాలి. ఏళ్ల తరబడి చేస్తున్న మనిషి ఆవిడ. ఆవిడ దగ్గర శిష్యరికం చెయ్యడానికి సిద్ధపడి వచ్చిన పిల్లే నిజంగా తయారై వచ్చినట్టు.

కాళ్లు తుడవడం అయ్యాక తాత ఊరుకుంటాడా? టీ తెప్పిస్తాడు. తన డబ్బుల్తో! అప్పుడు చూడాలి ఆ పిల్ల మొహం. "అయ్యో, మీరెందుకు ఇవ్వడం?" అని నీళ్లు నములుతుంది. తాగమ్మా, తాగు. ఆ గ్లాసు వెనక్కి నెడితే నువ్వు రుద్దిన కాళ్లన్నీ దండగ. ఇచ్చేవాడు ఎప్పుడూ ఒకడే, పుచ్చుకునేవాడు ఎప్పుడూ ఒకడే అయితే అది సేవ ఎలా అవుతుందండీ? తాతకీ ఒకళ్లకి పెట్టాలనుంటుంది. ఆ సరదా తీర్చడం మందు ఇచ్చినంత పని.

అందుకే నేను తయారీని సికింద్రాబాద్ స్టేషన్ ఎదురుగా ఆల్ఫా హోటల్లో మొదలుపెట్టమంటాను. ఒక ఇరానీ చాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్లు. ముంచి ఎంతసేపట్లో తియ్యాలో చెయ్యి తిరగాలి. లేకపోతే బిస్కెట్టు కప్పు అడుగునే.

భాష? నాలుగు ముక్కలొస్తే చాలు. "తిన్నారా?", "నొప్పిగా ఉందా?", "నేను పట్టుకోనా?", "చాలు". ఈ చివరిది పలకడం తేలికే, వడ్డించేవాళ్లు నమ్మడమే కష్టం. విస్తరి మీదికి వంగి రెండు చేతులూ అడ్డంపెట్టినా ఇంకో గరిటె పడుతుంది! మన ఊళ్లో తెలుగొక్కటే కూడా సరిపోదు. ఆటో ఆయన సరేనంటే "హౌ" అంటాడు, వద్దంటే "నక్కో" అంటాడు. మెట్టుగూడ రైల్వే క్వార్టర్స్ వైపు వెళ్తే అరవం వినిపిస్తుంది. వరసలు కూడా నేర్చుకోవాలి. అక్కా, తాతా, అమ్మా అని పిలిచాక ఇంకెవరూ రోగిలా కనబడరు.

వీసా సంగతి మాత్రం సంస్థవాళ్లనే ముందుగా అడగమనండి. సరదాగా చూడ్డానికొచ్చే వీసా మీద నెలల తరబడి పనిచేస్తానంటే కుదరదు. వచ్చేది ఆషాఢంలో అయితే మరీ మంచిది. ఉజ్జయినీ మహంకాళి బోనాలు చూడొచ్చు, మర్నాడు రంగంలో అమ్మవారి భవిష్యవాణి వినొచ్చు. వానకి గొడుగు ఇక్కడ మనమిద్దాం.

అదిగో, మూడో విజిల్. వెళ్లేముందు ఒక్కమాట. ఇంతసేపూ ఎక్కడో లండన్ పిల్ల గురించి చెప్పుకున్నాం. మరి మీ మాటేమిటి? మీకు వీసా అక్కర్లేదు. ప్రయాణానికి టీకా సూదులక్కర్లేదు. తెలుగొచ్చు, హౌ నక్కోలొచ్చు, బిస్కెట్టు ఎప్పుడు తియ్యాలో కూడా తెలుసు. ఎవరింట్లోనైనా పెట్టింది కాదనకుండా తినే గుణం మీకు పుట్టుకతోనే ఉంది. ఆ పిల్లలు ఏడాదిపాటు కూడబెట్టుకునే తయారీ అంతా మీ దగ్గర ఊరికే పడి ఉంది. ఆదివారం ఖాళీయేనా? మనకి దగ్గర్లో వృద్ధాశ్రమమో, అంధుల బడో, ఏదో ఒకటి చూద్దాం. ఏం కావాలో వాళ్లనే అడుగుదాం. టీ ఇస్తే తాగుదాం. తొమ్మిదింటికి గేటు దగ్గరుంటాను, వచ్చేయండి!