మార్కులు పంపే ముందు

అమెరికా కాలేజీల్లో చేరగోరేవారు చాలామంది 'శాట్' పరీక్ష రాస్తారు. 1926లో మొదలైన ఈ పరీక్షకు ఇప్పుడు మొత్తం 1600 మార్కులు. రాసినంత మాత్రాన అవి కాలేజీకి చేరవు. పంపమని మనమే కోరాలి.

మా మనుమరాలు రెండుసార్లు రాసింది. "తాతయ్యా, మొదటిసారి తక్కువ వచ్చాయి. అవి పంపకపోతేనేం?" అని అడిగింది.

"ముందు కాలేజీవారి నియమం చదవమ్మా," అన్నాను.

పరీక్ష జరిపే కాలేజ్ బోర్డ్ సంస్థవారు మనం కోరిననాటి మార్కులే పంపుతారు. చాలా కాలేజీలకు అవే చాలు. కొన్ని అసలు మార్కులే అడగవు. జార్జిటౌన్ విశ్వవిద్యాలయం వంటివి మాత్రం రాసిన ప్రతిసారి మార్కులూ పంపమంటాయి. అటువంటిచోట దాచడం అబద్ధమాడటమే గదా!

మనుమరాలు రెండూ పంపింది. తక్కువ మార్కుల పక్కనే ఎక్కువ మార్కులుంటే, మధ్యలో పడిన శ్రమ కూడా కనిపిస్తుంది.