గవదబిళ్లలు వచ్చిపోయిన పదమూడేళ్లకు

హైదరాబాద్ కార్వాన్‌లో పిల్లలు కలగని జంట డాక్టరు దగ్గరికొస్తే ఫైలు భార్య చేతిలోనే ఉంటుంది. స్కానింగులు, థైరాయిడ్ రిపోర్టులు, గర్భనాళాల ఎక్స్‌రేలు అన్నీ ఆమెవే. పక్కన కూర్చున్న భర్తకు ఒక్కసారైనా వీర్య పరీక్ష చేయించి ఉండరు. తోడొచ్చిన అత్తగారు "మావోనికేం తక్కువ సార్, మంచిగున్నడు" అంటుంది. టోలీ మసీదు నుంచి జియాగూడ దాకా అన్ని గల్లీల వాళ్లనూ చూసే ఒక డాక్టరు అందుకే ముందు భర్తనే అడుగుతారు: "మీసాలొచ్చినంక ఎప్పుడన్నా గవదబిళ్లలు అయినయా?"

ట్రాలీ ఆటో నడిపే ముప్పై ఏళ్ల యువకుడు ఆ ప్రశ్నకు కాసేపు ఆలోచించాడు. "అయినయ్ సార్, ఇంటర్ల ఉన్నప్పుడు. చెంపలు ఉబ్బినయ్. అమ్మ మెడల బంగారు గొలుసు ఏసింది." ఆ తర్వాత? తల వంచుకుని మెల్లగా చెప్పాడు. చెంపల వాపు తీస్తుండగానే మళ్లీ జ్వరం వచ్చింది. కింద రెండు వైపులా వాచి నడవలేకపోయాడు. సిగ్గుతో ఇంట్లో చెప్పలేదు. వాపు దానంతటదే తగ్గితే మరిచిపోయాడు. పదమూడేళ్ల తర్వాత చేసిన వీర్య పరీక్షలో ఒక్క శుక్రకణమూ కనిపించలేదు. వృషణాలు రెండూ చిన్నవైపోయాయి, శుక్రకణాల తయారీ దెబ్బతిన్నప్పుడు రక్తంలో పెరిగే ఎఫ్‌ఎస్‌హెచ్ హార్మోన్ బాగా ఎక్కువగా ఉంది. అప్పటికి ఆరేళ్లుగా మందులు మింగుతున్నదీ, మాటలు పడుతున్నదీ అతని భార్య.

చిన్నపిల్లల్లో గవదబిళ్లలు చాలావరకు చెంపలతోనే పోతాయి. యుక్తవయసు దాటాక వస్తే, టీకా పడని మగవాళ్లలో నూటికి 15 నుంచి 30 మందికి వైరస్ వృషణాలకు పాకుతుంది. వృషణం చుట్టూ ఉండే పొర సాగదు. లోపల వాపు పెరిగేకొద్దీ ఒత్తిడికి శుక్రకణాలు తయారయ్యే సన్నటి గొట్టాలు దెబ్బతింటాయి. ఇలా వాచినవాళ్లలో సుమారు సగం మందికి ఆ వృషణం ఎంతోకొంత కుంచించుకుపోతుంది. అయితే ఎక్కువమందికి ఒకవైపే వాస్తుంది, రెండోది పని చేస్తుంది కాబట్టి పూర్తిగా పిల్లలే పుట్టకపోవడం అరుదు. ఆ అరుదైన కొద్దిమందిలో ఈ యువకుడు ఒకడు. వృషణంలోనే మైక్రోస్కోపు కింద శుక్రకణాలను వెతికి తీసే ఆపరేషన్ ఉందనీ, దొరికితే శుక్రకణాన్ని నేరుగా అండంలోకి ఎక్కించే ఇక్సీ పద్ధతి వీలవుతుందనీ, దొరుకుతాయన్న హామీ మాత్రం లేదనీ డాక్టరు భార్యాభర్తలిద్దరినీ కూర్చోబెట్టి చెప్పారు. "తప్పు ఎవరిదీ కాదు, జబ్బుది" అని అత్తగారిని పిలిచి విడిగా చెప్పారు. ఆ రెండో మాటే ఆ ఇంటికి ఎక్కువ అవసరం.

వీర్యంలో కనిపించే వైరస్ గవదబిళ్లలదొక్కటే కాదు. 2017లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన అలెక్స్ సలాం, పీటర్ హార్బీ పాత పరిశోధనలన్నీ గాలిస్తే, రక్తంలోకి చేరే వైరస్‌లలో 27 రకాలు వీర్యంలో దొరికినట్టు తేలింది. జికా, ఎబోలా, హెచ్ఐవీ, హెపటైటిస్ బి అన్నీ అందులో ఉన్నాయి. దొరికినంత మాత్రాన అదే సంతానలేమికి కారణమని కాదు. హెచ్‌పీవీ శుక్రకణం తలకు అంటుకుని కదలిక తగ్గిస్తుందని కొన్ని అధ్యయనాలు చెబుతున్నా, వాదన ఇంకా నడుస్తూనే ఉంది. ఈ తేడా చెప్పకుండా భయపెట్టడం రోగికి చేసే అన్యాయం.

గుడిమల్కాపూర్ మార్కెట్లో పూలమ్మే ఒకాయన అలాంటి భయంతోనే వచ్చాడు. డెంగీ తగ్గిన నెలకు పరీక్ష చేయించుకుంటే కౌంటు బాగా పడిపోయింది. వెంటనే ఐవీఎఫ్‌కు వెళ్లమన్నారట. వృషణాలు పనిచేయడానికి శరీరం కన్నా కాస్త చల్లదనం కావాలి, పెద్ద జ్వరం దాన్ని చెడగొడుతుంది. శుక్రకణం తయారవడానికి సుమారు 74 రోజులు పడుతుంది. మూడు నెలలు ఆగి మళ్లీ చేయిస్తే కౌంటు మామూలుకొచ్చింది. అప్పు చేసే పని తప్పింది.

హెపటైటిస్ బి ఉన్న ఇంకొకాయన పెళ్లే వద్దనుకున్నాడు. చేసుకోబోయే అమ్మాయికి మూడు డోసుల టీకా వేయించి, రక్షణ వచ్చిందని రక్తపరీక్షతో చూసుకున్నాకే పెళ్లి జరిగింది. వరప్రసాద్ రెడ్డి స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ 1997లో ఈ హైదరాబాద్‌లోనే ఆ టీకాను చవకగా తయారు చేసి చూపించింది. తర్వాత అది ప్రభుత్వ టీకాల పట్టికలోకి కూడా ఎక్కింది.

గవదబిళ్లల టీకాకు ఆ భాగ్యం దక్కలేదు. 2017లో తెలంగాణలో తట్టు, రుబెల్లాలకు కలిపి ఎంఆర్ టీకా మొదలైనప్పుడు గవదబిళ్లలు అందులో చేరలేదు. ప్రైవేటులో డబ్బు పెట్టి, మూడూ కలిపిన ఎంఎంఆర్ వేయించుకున్న పిల్లలకే రక్షణ. 2024 మొదట్లో హైదరాబాద్‌లో గవదబిళ్లల కేసులు పెరిగినప్పుడు ఈ లోటు కళ్లకు కట్టింది. ట్రాలీ నడిపేవాళ్ల కొడుకులకూ ఆ టీకా ఉచితంగా అందాలని డాక్టరు ప్రతి మీటింగులోనూ అడుగుతున్నారు.

చెంపలు ఉబ్బిన అబ్బాయిల తల్లులకు ఆయన ఇప్పుడు మొహమాటం లేకుండా చెబుతారు: వారం పది రోజుల్లో కింద నొప్పో వాపో వస్తే దాచొద్దనండి, అదే రోజు తీసుకురండి. వైరస్‌ను చంపే మందు లేకపోయినా, అది వైరస్ వాపో, వృషణం మెలిపడిందో వెంటనే తేల్చుకోవాలి. మెలిపడితే ఆరు గంటల్లోపు ఆపరేషన్ చేస్తేనే దాన్ని కాపాడుకునే అవకాశం ఎక్కువ.