గాలి మీద నిలబడ్డ బండి

ఫజర్ నమాజుకని గేటు తీస్తే బండి ఒక పక్కకు ఒరిగి నేలకు కూర్చుంది. భాయిజాన్ పన్నెండేళ్ల గల్ఫ్ కమాయీ పెట్టి, పైన కర్జా చేసి కొన్న సెకండ్ హ్యాండ్ ఎస్‌యూవీ అది. మెదక్‌లో మా గల్లీకి అదే షాన్. ఆ రోజే అబ్బాను డయాలసిస్‌కు తీసుకెళ్లాలి.

మిస్త్రీ వచ్చి వంగి చూశాడు. "దీనికి ఉక్కు స్ప్రింగులు లేవు సాబ్. గాలి మీద నిలబడే బండి." చక్రానికో రబ్బరు తిత్తి. రబ్బరు పగిలి గాలి కారుతుంటే, ఆ లోటు నింపడానికి కంప్రెసర్ ఆగకుండా తిరిగి తిరిగి కాలిపోయిందట. "నెల కిందటి నుంచే పొద్దున పూట కాస్త దిగి ఉండలేదా? అప్పుడే తిత్తి మారిస్తే ఇంత దూరం రాకపోవు."

ఉంది. చూశాను. భాయిజాన్ పరేషాన్ అవుతాడని చెప్పలేదు.

ఆటోలోనే బయలుదేరాం. నూరేళ్లు దాటిన చర్చి గోపురం కనిపిస్తుండగా అబ్బా నా చెయ్యి పట్టుకున్నారు. "కాళ్లకు వాపొచ్చినప్పుడు నేను గూడ గిట్లనే దాచిన బేటా, మీరు పరేషాన్ అయితరని."

ఆ రాత్రి ఇషా తర్వాత భాయిజాన్‌కు ఫోన్ చేశాను. ముందు అబ్బా సంగతి చెప్పాను, తర్వాత బండిది.