ఎర్రమట్టి దిబ్బల్లో ఒక ఆదివారం

రైతు బిడ్డనైన నేను మట్టిని చూడ్డానికి పెట్రోలు పోసుకుని వెళ్ళడమేమిటని మొదట నవ్వొచ్చింది. కిందటి డిసెంబరులో నలుగురు మిత్రులం రెండు మోటారు సైకిళ్ళ మీద విశాఖ నుంచి భీమిలి బీచ్ రోడ్డు పట్టాం. రుషికొండ దాటి ఇంకా ముందుకు పోతే ఎర్రమట్టి దిబ్బలు!

పేరుకు మట్టి గాని, చేతిలోకి తీసుకుంటే ఇసుకే. సుమారు 20,000 ఏళ్ళ క్రితం, మంచుయుగంలో సముద్రం 100 మీటర్లకు పైగా కిందికి దిగిపోయింది. బయటపడ్డ ఇసుకను గాలి ఎగరేసి ఇక్కడ గుట్టలు పోసింది. అందులోని ఇనుము తుప్పుపట్టి రేణువు రేణువుకూ ఎర్రపూత పూసింది.

లోపల అన్నీ వాన కోసిన గెడ్డలే. ఒక అంచున జీడిచెట్టు, వేళ్ళన్నీ బయటపడి వేలాడుతోంది. చూడగానే గుండె గతుక్కుమంది.

వారం ముందే నాన్న ఫోన్ చేశాడు. "ట్రాక్టరోళ్ళు మన మెట్టచేన్లో మట్టి తవ్వుకుంటామంటన్నారు. నీ ఫీజుకి సరిపోద్ది. ఏటి సెప్పమంటావు?"

"ఇచ్చెయ్ నాన్నా, మట్టేగా!" అన్నాను.

వేల ఏళ్ళ దిబ్బనే వాననీళ్ళు ఇలా కోసేస్తే, పైపొర తీసేసిన మా చేను ఎన్ని వానలకు ఆగుతుంది?

భీమిలి చేరగానే ఫోన్ చేశాను. "వద్దు నాన్నా."

"మరి ఫీజు?" అన్నాడు.

జవాబు చెప్పలేకపోయాను. ఆ నెల నుంచే సాయంత్రాలు పదో తరగతి పిల్లలకు లెక్కలు చెబుతున్నాను. సగం ఫీజు కట్టాను, సగం బాకీ. చేను మాత్రం మొత్తం ఉంది.